‘వేలం ఆపిస్తాం, స్టే గ్యారంటీ’ అనే సంస్థకు లక్షన్నర కట్టొచ్చా?

మీరు అడిగింది క్లుప్తంగా ఇదీ. బెంగళూరు హొరమావులో ఫ్లాట్. లోన్ ఇంకా 42 లక్షలు ఉంది, వడ్డీ 9 శాతం, ఈఎంఐ 38,500. ఉద్యోగం పోయి 5 నెలలుగా కట్టలేదు. 20 రోజుల కిందట బ్యాంకు నుంచి సర్ఫేసీ చట్టం (తనఖా ఆస్తిని బ్యాంకు కోర్టుకు వెళ్లకుండానే స్వాధీనం చేసుకోనిచ్చే చట్టం) 13(2) నోటీసు వచ్చింది. ఇంతలో ఓ సంస్థ లక్షన్నర ప్లస్ జీఎస్‌టీ కడితే నోటీసు మీద స్టే తెస్తామని, ఇల్లు ఎవరూ ముట్టుకోలేరని చెప్పింది. బ్యాంకుకు ఇక రూపాయి కట్టొద్దని, వాళ్ల ఫోన్ ఎత్తొద్దని కూడా అంది. నమ్మొచ్చా అని మీ ప్రశ్న.

కట్టకండి. ఆ డబ్బు, ఇంకో పదిహేను ఇరవై వేలు కలిపితే మీ పాత ఈఎంఐలన్నీ దాదాపు తీరిపోతాయి. లెక్క చూడండి. లక్షన్నర మీద 18 శాతం జీఎస్‌టీ కలిపితే 1,77,000. మీరు ఆపిన 5 ఈఎంఐలు 1,92,500. దీనికి పీనల్ చార్జీలు, నోటీసు ఖర్చులు కొంత కలుస్తాయి. ఇల్లు నిలబెట్టుకోవడానికి మీ చేతిలో ఉన్న డబ్బుకు ఇంతకన్నా మంచి వాడకం ప్రస్తుతానికి లేదు.

చట్టపరంగా సవాలు చేయడమే తప్పని నేను అనడం లేదు. బ్యాంకులు నిజంగా తప్పులు చేస్తాయి, ట్రిబ్యునల్ వాటిని కొట్టేస్తుంది కూడా. కానీ కేసు మీకు కొనిపెట్టేది సమయం, ఇల్లు కాదు. ఆ సమయంలో డబ్బు ఎక్కడి నుంచి వస్తుందో తెలిసినవాళ్లకు అది పనికొస్తుంది. తెలియకపోతే ఫీజు, వడ్డీ రెండూ పోతాయి. 42 లక్షల మీద 9 శాతం అంటే నెలకు 31,500 వడ్డీ. కేసు నడిచినన్నాళ్లూ అది ఆగదు.

ఇలాంటి సంస్థ అసలుదా, డొల్లా అని తేల్చుకోవడానికి ఒక ప్రశ్న చాలు: “ఈరోజు మీరు ఏ కోర్టులో, ఏ సెక్షన్ కింద, బ్యాంకు చేసిన ఏ పని మీద వేస్తారు?”

మీ విషయంలో సరైన సమాధానం “ఈరోజు ఎక్కడా వేయలేం”. డెట్ రికవరీ ట్రిబ్యునల్‌కు, అంటే డీఆర్‌టీకి, వెళ్లే హక్కు సెక్షన్ 17 ఇస్తుంది. బ్యాంకు 13(4) కింద చర్య తీసుకున్నాకే ఆ హక్కు పుడుతుంది. ఇంటికి పొసెషన్ నోటీసు, అంటే ఇంటిని స్వాధీనం చేసుకున్నామనే నోటీసు, అంటించడం అలాంటి చర్య. 13(2) నోటీసు కేవలం డిమాండు. దానికి మీరు పంపిన అభ్యంతరాన్ని బ్యాంకు తోసిపుచ్చినా, ఆ జవాబు మీద డీఆర్‌టీకి వెళ్లడానికి లేదని చట్టంలోనే రాసి ఉంది. కాబట్టి ‘13(2) మీద స్టే’ అన్న మాట దగ్గరే సంభాషణ ముగించొచ్చు.

“మేం సివిల్ కోర్టులో ఇంజంక్షన్ తెస్తాం” అంటే సెక్షన్ 34 ఏమంటుందో అడగండి. డీఆర్‌టీ చూడాల్సిన విషయాల్లో సివిల్ కోర్టు జోక్యాన్ని అది నిషేధిస్తుంది. 2004లో మార్డియా కెమికల్స్ తీర్పులో సుప్రీంకోర్టు వదిలిన సందు చాలా చిన్నది. బ్యాంకు క్లెయిమే మోసమై ఉండాలి, లేదా విచారణ కూడా అక్కర్లేనంత అసంబద్ధమై ఉండాలి. ఉద్యోగం పోయి ఈఎంఐ ఆగిన లోన్ అందులోకి రాదు. అయినా ఆ దావా వేయిస్తారు. ఎందుకంటే ఖర్చు తక్కువ, మీకు చూపించడానికి ఒక కేసు నంబరు వస్తుంది.

“హైకోర్టులో రిట్ వేస్తాం” అనేది రెండో మాట. డీఆర్‌టీ అనే దారి ఉండగా ఇలాంటి రిట్లు తీసుకోవద్దని 2010లో సత్యవతి టండన్ కేసులో సుప్రీంకోర్టు గట్టిగా చెప్పింది. 2022 జనవరిలో ఫీనిక్స్ ఏఆర్‌సీ కేసులోనూ అదే చెప్పింది. ఆ కేసు వెళ్లింది కర్ణాటక హైకోర్టు నుంచే. అక్కడ 117 కోట్ల బాకీకి కోటి రూపాయల డిపాజిట్ మీద వచ్చిన మధ్యంతర ఉత్తర్వులను సుప్రీంకోర్టు పక్కన పెట్టింది. బెంగళూరులో రిట్ గురించి మాట్లాడే ఏ వకీలుకైనా ఈ తీర్పు తెలిసి ఉండాలి.

మూడోది కొత్తగా వినిపిస్తోంది: “దివాలా చట్టం కింద పిటిషన్ వేస్తే ఆటోమేటిక్ మారటోరియం వస్తుంది.” వ్యక్తులకు సంబంధించిన ఆ భాగాన్ని 2019 డిసెంబరు 1 నుంచి కంపెనీల అప్పులకు హామీ ఉన్నవాళ్ల వరకే అమల్లోకి తెచ్చారు. మామూలు జీతగాడు తీసుకున్న హోమ్ లోన్‌కు అది వర్తించదు.

ఇక “మీ లోన్‌ను ఇంకో సంస్థకు అమ్మేశారు, ఒరిజినల్ ప్రామిసరీ నోటు చూపించమని అడుగుదాం, లోన్ ఆడిట్ చేయిద్దాం” అనే వాదన అమెరికా వీడియోల నుంచి దిగుమతి అయింది. అక్కడ చాలా రాష్ట్రాల్లో ఇల్లు జప్తు చేయాలంటే బ్యాంకే కోర్టులో దావా వేయాలి కాబట్టి ఆ వాదనకు ఒక చోటుంది. మన దగ్గర సర్ఫేసీ కింద బ్యాంకు కోర్టుకు వెళ్లకుండానే మొదలుపెడుతుంది. లోన్‌ను మొండి బాకీలు కొనే సంస్థకు, అంటే ఏఆర్‌సీకి, అమ్మితే ఆ ఏఆర్‌సీ బ్యాంకు స్థానంలోకి వస్తుందని సెక్షన్ 5 చెబుతుంది. అప్పు మాయం కాదు. ఇంకొకటి, అమెరికాలో కూడా ఇలాంటి సహాయ సంస్థలు రుణదాత నుంచి రాతపూర్వక ప్రతిపాదన తెచ్చి, కస్టమర్ దానికి ఒప్పుకునేదాకా ఫీజు వసూలు చేయకూడదనే నియమం ఉంది. న్యాయవాదులకు షరతులతో మినహాయింపు ఇచ్చారు. వాదనను దిగుమతి చేసుకున్నవాళ్లు ఆ నియమాన్ని మాత్రం తెచ్చుకోలేదు.

ఇప్పుడు నిజంగా పనికొచ్చే లోపాలు ఏమిటో చూద్దాం. నోటీసును, అది వచ్చిన కవరును ముందు పెట్టుకుని కూర్చోండి. కవరు పారేయకండి, పోస్టు ముద్ర మీదే తర్వాత వాదన నడవొచ్చు. నోటీసులో ఎంత బాకీయో వివరంగా ఉండాలి, ఏ ఆస్తి మీదో స్పష్టంగా ఉండాలి. ఫ్లాట్ నంబరు, అవిభాజ్య వాటా, హద్దులు మీ సేల్ డీడ్‌తో కలుస్తున్నాయా చూడండి. సంతకం ఆథరైజ్డ్ ఆఫీసర్‌దేనా చూడండి. లోన్‌లో మీ భార్యో భర్తో కో-బారోయర్ అయితే వాళ్లకూ నోటీసు వెళ్లిందా చూడండి. ఖాతా ఎన్‌పీఏ (మొండి బాకీ) అయిన తేదీకి ముందు నిజంగా 90 రోజులకు మించి బాకీ ఉందో లేదో స్టేట్‌మెంట్‌తో సరిపోల్చండి. 2020 జనవరి 24 నుంచి, తనఖాను కేంద్ర తనఖాల రిజిస్ట్రీ అయిన సెర్సాయ్‌లో నమోదు చేయని రుణదాత సర్ఫేసీ వాడలేడు. సెర్సాయ్ సైట్‌లో చిన్న రుసుముతో మీరే వెతుక్కోవచ్చు.

పీనల్ చార్జీలను తప్పక చూడండి. జరిమానాను అదనపు వడ్డీగా వేయకూడదని, దాన్ని అసలులో కలిపి మళ్లీ దానిమీద వడ్డీ వేయకూడదని ఆర్‌బీఐ నియమం 2024 నుంచి అమల్లో ఉంది. స్టేట్‌మెంట్‌లో ‘పీనల్ ఇంట్రెస్ట్’ అన్న వరుస కనిపిస్తే దాన్ని అభ్యంతరంలో రాయండి.

తర్వాతి దశల్లో వచ్చే లోపాలు వేరు. పొసెషన్ నోటీసును తలుపుకు అంటించడంతో పాటు 7 రోజుల్లో రెండు పత్రికల్లో వేయాలి, అందులో ఒకటి స్థానిక భాషది. బెంగళూరు అయితే కన్నడ పత్రిక. వేలానికి ముందు మీకు 30 రోజుల నోటీసు ఇవ్వాలి. మొదటి వేలం జరగకపోతే తర్వాతి దానికి 15 రోజులు. ఆమోదం పొందిన వాల్యూయర్‌తో ధర కట్టించాకే రిజర్వు ధర పెట్టాలి. వీటిలో ఏది తప్పినా ట్రిబ్యునల్ ఆ చర్యను రద్దు చేయొచ్చు. కానీ రద్దయ్యేది ఆ ఒక్క మెట్టే. బ్యాంకు అక్కడి నుంచి మళ్లీ సరిగ్గా మొదలుపెడుతుంది. “నోటీసులో తప్పుంది, లోన్ మాఫీ” అన్నవాడు అబద్ధం చెబుతున్నాడు.

మీకు మిగిలిన సమయం గురించి. బాకీ కట్టడానికి 13(2) ఇచ్చే 60 రోజులు నోటీసు మీదున్న తేదీ నుంచి లెక్కపెట్టుకోండి, అందిన తేదీ నుంచి కాదు. సెక్షన్‌లో మాట ‘నోటీసు తేదీ నుంచి’ అనే. అంటే మీకు దాదాపు 40 రోజులు ఉన్నాయి, కవరు ఆలస్యంగా అందితే ఇంకా తక్కువ.

ఈ వారంలోనే చేయాల్సిన పని 13(3ఏ) కింద అభ్యంతరం రాయడం. దీనికి వకీలు తప్పనిసరి కాదు, రెండు పేజీలు చాలు. కస్టమర్ కేర్‌కు కాదు, నోటీసు మీద సంతకం పెట్టిన ఆథరైజ్డ్ ఆఫీసర్ పేరు మీద, ఆ చిరునామాకు స్పీడ్ పోస్టులో పంపండి. అదే ఈమెయిల్ చేయండి, బ్రాంచిలో ఒక కాపీ ఇచ్చి ముద్ర వేయించుకోండి. మొదటి పేజీలో అడగాల్సినవి: లోన్ మొదలైనప్పటి నుంచి పూర్తి స్టేట్‌మెంట్, ఎన్‌పీఏ తేదీ, వడ్డీ రేటు మారిన తేదీలు, పీనల్ చార్జీల విడి లెక్క. రెండో పేజీలో మీ ప్రతిపాదన. “ఉద్యోగం ఫలానా తేదీన పోయింది, రిలీవింగ్ లెటర్ జతచేశాను. ఈ తేదీకి ఇంత, ఈ తేదీకి మిగతా బాకీ మొత్తం కడతాను” అని అంకెలతో రాయండి. కష్టాలు మూడు పేజీలు రాసి అంకె ఒక్కటీ రాయని ఉత్తరం ఫైల్లోకి వెళ్లి కూర్చుంటుంది. బ్యాంకు 15 రోజుల్లో కారణాలతో జవాబివ్వాలి. ఇవ్వకపోతే ఆ మౌనమే రేపు డీఆర్‌టీలో మీకు మొదటి పాయింటు అవుతుంది. “బ్యాంకు ఫోన్ ఎత్తొద్దు” అన్న సలహా మీకు ఎంత నష్టమో ఇక్కడ అర్థమవుతుంది. మీకున్న అతి బలమైన కాగితాన్ని రాయకుండా అది ఆపేస్తుంది.

పాత బాకీ విషయంలో ఒక మెలిక. కొంత కడితే ఎన్‌పీఏ తొలగదు. బాకీ పడ్డ అసలు, వడ్డీ మొత్తం తీరితేనే ఖాతా మళ్లీ స్టాండర్డ్ అవుతుందని ఆర్‌బీఐ 2021 నవంబరు 12న స్పష్టం చేసింది. కాబట్టి ఈ నెల లక్ష, వచ్చే నెల 50 వేలు అని కడుతూ పోతే, కొత్త ఈఎంఐలు చేరుతూ ఆ గీత వెనక్కి జరుగుతూనే ఉంటుంది. 60 రోజుల చివరికి మీ బాకీ 7 ఈఎంఐలు, అంటే 2,69,500 అవుతుంది. పీఎఫ్, బంగారం, బంధువులు, ఏ దారైనా ఒకేసారి తీర్చే మొత్తంగా పోగుచేయండి. 13(2) నోటీసు 42 లక్షలూ కట్టమని అడుగుతుంది నిజమే. అయినా హోమ్ లోన్లలో పాత బాకీ పూర్తిగా తీరిస్తే సాధారణంగా ఖాతాను రెగ్యులర్ చేస్తారు. కట్టే ముందు ఆ మాట ఈమెయిల్లో తీసుకోండి. కట్టాక 13(2) చర్యలు ఆపేశామన్న లెటర్ తీసుకోండి. లోన్‌తో పాటు అంటగట్టిన ఇన్సూరెన్స్ పాలసీ ఉంటే బయటకు తీసి చదవండి. కొన్నింటిలో ఉద్యోగం పోతే కొన్ని ఈఎంఐలు కట్టే కవర్ ఉంటుంది.

ఆ మొత్తం ఎటూ కుదరదనుకుంటే, ఫ్లాట్ మీరే అమ్ముకోవడం వేలం కన్నా మేలు. వేలంలో ధర బయటి ధర కన్నా తగ్గడం మామూలే, తక్కువ పడితే ఆ లోటూ మీ మీదే ఉంటుంది. కానీ జాగ్రత్త: 13(2) నోటీసు అందాక బ్యాంకు రాతపూర్వక అనుమతి లేకుండా ఆ ఆస్తిని అమ్మడం, లీజుకివ్వడం 13(13) ప్రకారం కుదరదు. కొన్ని సంస్థలు “పాత తేదీతో రెంటల్ అగ్రిమెంట్ చేయిద్దాం, టెనెంట్‌ను ఖాళీ చేయించలేరు” అంటాయి. “మీ ఆవిడ పేరు మీదకు గిఫ్ట్ డీడ్ చేద్దాం” అంటాయి. దయచేసి ఆ పని చేయకండి. పాత తేదీ వేసిన కాగితం మీ మీద ఫోర్జరీ కేసు అవుతుంది, సలహా ఇచ్చినవాడి మీద కాదు. ఓటీఎస్, అంటే కొంత తగ్గించి బాకీ ఒకేసారి తీర్చుకునే ఒప్పందం, అడగొచ్చు. కానీ అది హక్కు కాదని, ఇవ్వమని కోర్టు బ్యాంకును ఆదేశించడానికి వీల్లేదని సుప్రీంకోర్టు 2021 డిసెంబరులో తేల్చింది.

60 రోజులు దాటి పొసెషన్ నోటీసు అంటిస్తే, అప్పుడు వకీలు కావాలి. ఆ రోజు నుంచి డీఆర్‌టీకి 45 రోజులు. వేలం ప్రకటన వచ్చాక చూద్దాం అనుకోవద్దు. మొత్తం బాకీ కట్టి ఇల్లు విడిపించుకునే హక్కు వేలం ప్రకటన వెలువడటంతోనే పోతుందని 2023లో సుప్రీంకోర్టు చెప్పింది. బెంగళూరులో డీఆర్‌టీ ఉంది, అప్పీలు మాత్రం చెన్నైలోని అప్పిలేట్ ట్రిబ్యునల్‌కు వెళ్లాలి. ఆ అప్పీలుకు బాకీలో సగం, మీ లెక్కలో 21 లక్షలు, ముందే డిపాజిట్ చేయాలి. ఎంత తగ్గించినా పావు వంతు తప్పదు. అందుకే డీఆర్‌టీలో వేసే మొదటి పిటిషన్ బలంగా ఉండాలి. అక్కడ ఓడిపోతే రెండో మెట్టు చాలామందికి అందదు.

డీఆర్‌టీ ఫీజు ఎంతో తెలిస్తే సంస్థలు చెప్పే ‘కోర్టు ఖర్చులు’ ఎంత పెంచినవో తెలుస్తుంది. 10 లక్షల దాకా బాకీకి లక్షకు 500 చొప్పున, ఆపైన ప్రతి లక్షకు 250. 42 లక్షలకు 5,000 ప్లస్ 8,000, మొత్తం 13,000. మిగిలింది వకీలు ఫీజు.

పిటిషన్ వేసినంత మాత్రాన వేలం ఆగదు. స్టే కోసం విడిగా మధ్యంతర దరఖాస్తు వేయాలి, అది విచారణకు రావాలి. బ్యాంకు ముందే కేవియట్ వేసి ఉంటే వాళ్లను వినకుండా ఉత్తర్వు రాదు. వచ్చే స్టే కూడా చాలాసార్లు షరతుతోనే వస్తుంది: ఇన్ని వారాల్లో ఇంత డిపాజిట్ చేయాలి, చేయకపోతే స్టే దానంతటదే రద్దు. సంస్థలు వాట్సాప్‌లో తిప్పే ‘మేం తెచ్చిన స్టే’ ఫొటోలో మొదటి పేజీయే ఉంటుంది. చివరి పేజీ అడగండి, డిపాజిట్ షరతు అక్కడ ఉంటుంది. అలాగే డైరీ నంబరు చూపించి “కేసు పడింది” అంటే సంతోషించకండి. డైరీ నంబరంటే కాగితాలు అందాయనే. లోపాలు సరిచేశాక వచ్చే ఎస్‌ఏ నంబరు, అంటే అసలు కేసు నంబరు, కావాలి. డీఆర్‌టీ సైట్‌లో మీ పేరుతో వెతికి మీరే చూసుకోండి.

మనిషిని ఎంచుకునేటప్పుడు బార్ కౌన్సిల్ ఎన్‌రోల్‌మెంట్ నంబరు అడగండి. కర్ణాటకలో అది కేఏఆర్ అనే అక్షరాలతో మొదలవుతుంది, చివర సంవత్సరం ఉంటుంది. వకాలత్ మీద సంతకం పెట్టేది ఎవరో, ఫీజు రసీదు ఎవరి పేరుతో వస్తుందో చూడండి. ఆ ఇద్దరూ వేరైతే మీరు కడుతున్నది దళారీకి. వ్యాపారం లేని మామూలు వ్యక్తికి వకీలు ఇచ్చే సేవ మీద జీఎస్‌టీ ఉండదు. మీకిచ్చిన కొటేషన్‌లో 18 శాతం ఉందంటే అది కన్సల్టెన్సీ బిల్లు. వకీళ్లు ప్రకటనలు ఇవ్వకూడదు, గెలుపును బట్టి ఫీజు మాట్లాడుకోకూడదు. అవి బార్ కౌన్సిల్ నియమాలు. ఆన్‌లైన్లో ప్రకటనలిచ్చే లాయర్ల మీద చర్యలు తీసుకోమని మద్రాసు హైకోర్టు 2024 జూలైలో ఆదేశించింది కూడా. కాబట్టి ‘100 శాతం సక్సెస్’ ప్రకటన ఇచ్చేవాడు వకీలైతే నియమం తప్పుతున్నాడు, కాకపోతే కోర్టులో మీ తరఫున నిలబడే అర్హతే లేదు.

ఒప్పందంలో ‘రిఫండ్’ అన్న పదం దగ్గర ఆగి చదవండి. ఫోన్లో “స్టే రాకపోతే డబ్బు వాపసు” అంటారు. కాగితం మీద ‘డ్రాఫ్టింగ్, డాక్యుమెంట్ పరిశీలన చార్జీలు తిరిగి ఇవ్వబడవు’ అని ఉంటుంది, ఆ చార్జీలే మొత్తం ఫీజులో ముప్పావు వంతు కావచ్చు. ఈఎంఐ డబ్బును తమ ‘ఎస్క్రో’ ఖాతాలో వేయమంటే అక్కడితో లేచి వచ్చేయండి. ఒరిజినల్ సేల్ డీడ్, ఖాళీ చెక్కులు, సంతకం చేసిన ఖాళీ స్టాంపు కాగితాలు ఎవరికీ ఇవ్వొద్దు. జనరల్ పవర్ ఆఫ్ అటార్నీ అడిగితే అస్సలు వద్దు. కేసు నడపడానికి వకాలత్ చాలు.

పొసెషన్ నోటీసు పేపర్లో పడ్డాక ఇలాంటి ఫోన్లు పెరుగుతాయి. పేరు, ఫ్లాట్ నంబరు, బాకీ అన్నీ ఆ ప్రకటనలోనే ఉంటాయి కాబట్టి “మీ కేసు మొత్తం మా దగ్గరుంది” అంటే ఆశ్చర్యపోకండి. రికవరీ ఏజెంట్లు ఇంటికొచ్చి “రేపు తాళం వేస్తాం” అన్నా భయపడకండి. మీరు తాళాలు అప్పగించకపోతే, బలవంతంగా ఖాళీ చేయించడానికి బ్యాంకు సెక్షన్ 14 కింద మేజిస్ట్రేట్ దగ్గర ఉత్తర్వు తెచ్చుకోవాలి. వచ్చిన మనిషిని ఆ ఉత్తర్వు కాపీ చూపించమని అడగండి. ‘స్వచ్ఛందంగా అప్పగిస్తున్నాను’ అని రాసిన కాగితం మీద మాత్రం, ఎంత ఒత్తిడి పెట్టినా, వకీలుకు చూపించకుండా సంతకం చేయకండి.

మీ నోటీసు మీదున్న తేదీ, ఎన్‌పీఏ తేదీ, ఈ 40 రోజుల్లో ఎంత పోగు చేయగలరో చెప్పండి. మీరు 13(3ఏ) ఉత్తరం రాసి పెడితే, పేరు, ఖాతా నంబరు కొట్టేసి ఇక్కడ పెట్టండి, పంపే ముందు చూసి చెబుతాను.